అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో చలికాలం తోడేళ్లను చూడ్డానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

బస ఎక్కడన్నది ముందు తేల్చుకోండి. నడిచలికాలంలో పార్కులో మామూలు కార్లు తిరిగేది పార్కు ఉత్తర ద్వారం దగ్గరున్న గార్డినర్ ఊరి నుంచి, తోడేళ్లు కనిపించే లామార్ లోయ మీదుగా కుక్ సిటీ వెళ్లే రోడ్డులోనే. పార్కు పడమటి అంచున ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో గది తీసుకుంటే బోజ్‌మన్ నగరం వైపు నుంచి చుట్టి రావాలి. ఆ ఉదయం పోయినట్టే.

బూట్లు కాస్త వదులుగా ఉండాలి. మందపాటి ఉన్ని మేజోళ్లు వేశాక కూడా వేళ్లు ఆడాలి. బిగిస్తే రక్తం సరిగా పారక కాళ్లు మొద్దుబారతాయి. అసలు ఇక్కడ నడక తక్కువ, కదలకుండా గంటలు నిలబడటమే ఎక్కువ. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమట ఆరదు.

గైడు స్పాటింగ్ స్కోప్ (దూరంలోని జంతువుల్ని చూసే చిన్న టెలిస్కోపు) ఇస్తారా అని అడగండి. తోడేళ్లు తరచూ కిలోమీటరు పైనే ఉంటాయి, మామూలు బైనాక్యులర్‌లో చుక్కల్లా కనిపిస్తాయి. స్కోప్‌లో కన్ను పెట్టి చూసే ఐపీస్ మీద ఊపిరి తగలనివ్వకండి, మంచు పట్టేస్తుంది.

అదనపు బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి. చలికి త్వరగా దిగిపోతాయి.

తెల్లవారేసరికే లోయలో ఉండండి.

తోడేలుకు కనీసం 100 గజాల దూరం పాటించాలి, ఇది పార్కు నిబంధన. అదే దగ్గరికొచ్చినా వెనక్కి జరగాల్సింది మనమే. ఊళ పెట్టి పిలవడం కూడా నిషేధం.