ఫైలుకి కట్టిన చీటీ ఊడిపోకుండా

మా అమ్మమ్మది భీమిలి. ఆవిడ మాటలు రికార్డు చేసి, మద్దిలపాలెంలో మా ఇంట్లో ఉన్న లైనక్స్ కంప్యూటర్లో దాస్తున్నాను. ఏ ఊళ్లో, ఏ మాట గురించి అన్నదంతా ఫైలు పేరులో ఇరికిస్తే అది బారెడవుతుంది. అందుకే ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు వాడుతున్నాను. ఆడియోని ముట్టుకోకుండా, ఫైల్‌సిస్టమ్ ఆ ఫైలుకి కట్టి ఉంచే చీటీలివి.

చీటీ రాయడానికి సెట్‌ఎక్స్‌ఆటర్ కాల్, అంటే ప్రోగ్రాం నుంచి కెర్నెల్‌ని (లైనక్స్ మూల భాగాన్ని) పిలిచే పిలుపు. ఫైలు పాత్ (అదెక్కడుందో చెప్పే దారి), చీటీ పేరు, విలువ, దాని సైజు, ఎలా రాయాలో చెప్పే ఫ్లాగు ఇవ్వాలి. పేరు 'యూజర్.' అని మొదలవ్వాలి. సెక్యూరిటీ, సిస్టమ్, ట్రస్టెడ్ అనేవి మనలాంటి వాళ్ల సొంత రాతల కోసం కావు. ఫ్లాగు సున్నా ఇస్తే పాత విలువ మీద చెప్పకుండా రాసేస్తుంది. నేనైతే ఎక్స్‌ఆటర్ క్రియేట్ ఫ్లాగే ఇస్తాను. ఆ పేరుతో చీటీ ముందే ఉంటే ఈఎగ్జిస్ట్ ఎర్రర్ వస్తుంది, పాతది భద్రంగా ఉంటుంది.

సైజు దగ్గరే తెలుగువాళ్లం జాగ్రత్తగా ఉండాలి. 'భీమిలి' కంటికి మూడక్షరాలే. కానీ గుడులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి యూనికోడ్‌లో ఆరు, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 18. ఆ 18 ఇవ్వాలి. చదివేటప్పుడు గెట్‌ఎక్స్‌ఆటర్‌ని ముందు సైజు సున్నాతో పిలవండి, ఎన్ని బైట్లున్నాయో చెబుతుంది. అంతకంటే ఒక బైటు ఎక్కువ బఫర్ (విలువ పట్టే జాగా) తీసుకుని మళ్లీ పిలవండి. చివర సున్నా బైటు కెర్నెల్ పెట్టదు, మనమే పెట్టుకోవాలి. నేను పెట్టని రోజు భీమిలి తర్వాత చెత్త అక్షరాలు వచ్చాయి. ఈ రెండు పిలుపుల మధ్యలో ఇంకో ప్రోగ్రాం విలువని పెంచితే, జాగా చాల్లేదనే ఈరేంజ్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు మళ్లీ సైజు అడగడమే.

లిస్ట్‌ఎక్స్‌ఆటర్ పేర్లన్నీ ఇస్తుంది, రిమూవ్‌ఎక్స్‌ఆటర్ తీసేస్తుంది. తెరిచి ఉన్న ఫైలుకైతే పేరు ముందు 'ఎఫ్' ఉన్న కాల్స్ వాడాలి.

చీటీలో కథలు రాయకండి. కెర్నెల్ 64 కేబీ దాకా ఒప్పుకున్నా, ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లో మామూలుగా ఒక ఫైలు చీటీలన్నిటికీ కలిపి దొరికేది ఒక బ్లాకు, అంటే సాధారణంగా 4 కేబీ.

ఇక నాకు జరిగిన నష్టం. డిస్కు ఫార్మాట్ చేసే ముందు రికార్డింగులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. అది ఫ్యాట్ ఫార్మాట్. అందులో ఈ చీటీలకి చోటే లేదు. పైగా ఉత్త సీపీ కమాండ్ అసలు వాటిని మోయదు, కాబట్టి ఎర్రర్ కూడా రాలేదు. ఆడియో వచ్చింది, చీటీ ఒక్కటీ రాలేదు. మళ్లీ భీమిలి వెళ్లి, అమ్మమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ వినిపిస్తూ రాసుకున్నాను. 'గుంటడు' (కుర్రాడు) అన్న మాట దగ్గర ఆగి, ఆ రోజు ఎవరి గురించి చెప్పిందో గుర్తు చేసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌కి పంపేముందు టార్ చేస్తున్నాను (ఫైళ్లన్నీ ఒకే మూటగా కట్టడం), ఎక్స్‌ఆటర్స్ ఆప్షన్‌తో. విప్పేటప్పుడూ అదే ఆప్షన్ ఇవ్వాలి. విప్పాక ప్రతి ఫైలు మీదా లిస్ట్‌ఎక్స్‌ఆటర్ పిలిచి, పాత డిస్కులో ఉన్న పేర్లతో సరిపోయాకే పాతది చెరుపుతున్నాను.