మట్టిలో కలిసిపోయే మల్చింగ్ షీటును ఎంచుకోవడం, పరచడం ఎలా?

మొక్కల చుట్టూ నేలపై పరిచే మల్చింగ్ షీటు కొనేముందే ఆలోచించాల్సింది ఒకటుంది: పంట అయ్యాక దాన్ని ఏం చేస్తాం? పాలిథీన్ షీటు కలుపును అణచి, తేమను నిలుపుతుంది, నిజమే. కానీ పలుచని షీటును పీకేటప్పుడు అది చినిగి, ముక్కలు నేలలోనే ఉండిపోతాయి. అవి ఏటేటా పేరుకుంటే నీరు ఇంకడానికీ వేర్లు పాకడానికీ అడ్డమే. అందుకే మట్టిలోనే కుళ్లి కలిసిపోయే షీటు వైపు చూడాలి.

1. ముందు లేబుల్ చదవండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 'ఆక్సో డిగ్రేడబుల్' అని ఉంటే వద్దు. అది కరగదు, కంటికి కనిపించనంత చిన్న ప్లాస్టిక్ ముక్కలవుతుంది. ఐరోపా సమాఖ్య 2021లో ఇలాంటి ప్లాస్టిక్‌ను నిషేధించింది. 'కంపోస్టబుల్' అన్నా సరిపోదు. కంపోస్టు ప్లాంటులో సుమారు 60 డిగ్రీల వేడికి కుళ్లేది, పొలం మట్టిలో అలాగే పడి ఉండొచ్చు. 'సాయిల్ బయోడిగ్రేడబుల్' (మట్టిలో కుళ్లిపోయేది) అనీ, ఇలాంటి షీట్లకు ఐరోపా పెట్టిన ఈఎన్ 17033 ప్రమాణం అనీ ఉందేమో చూడండి. 2018లో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం, ల్యాబ్ పరీక్షలో మట్టిలో పెట్టిన షీటులోని కార్బన్‌లో కనీసం 90 శాతం రెండేళ్లలోపు కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. చలి ప్రాంతాల్లో, పొడి నేలల్లో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

2. కలుపే సమస్యైతే నలుపు రంగు తీసుకోండి. పేనుబంక, తెల్లదోమ బెడద ఉంటే వెండి రంగు పైకి వచ్చేలా పరవండి. ఆ మెరుపుకి పురుగులు మొక్కల మీద తక్కువగా వాలతాయి.

3. గడ్డలు, పుల్లలు ఏరేసి బెడ్డు చదును చేయండి. డ్రిప్ పైపు వేశాకే షీటు పరవండి. పాలిథీన్‌లా గట్టిగా లాగితే ఇది చినుగుతుంది. అంచులను మట్టితో కప్పండి. నాటడానికి కాస్త ముందే పరవడం మంచిది, ఎండకు ఊరికే పాడవకుండా ఉంటుంది. మిగిలిన రోల్‌ను చల్లటి, చీకటి చోట ఉంచినా, ఏళ్ల తరబడి దాచకండి.

చిన్న కూరగాయల మడులకైతే నా ఓటు ఎండుగడ్డికే. కలుపు గింజలు లేని గడ్డిని 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన, మొదళ్లకు తగలకుండా పరవండి. పంట ఉండగా దాన్ని మట్టిలో కలపొద్దు. కుళ్లించే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటాయి.

4. కోత అయ్యాక డ్రిప్ పైపులు, తాళ్లు, క్లిప్పులు తీసేయండి. తర్వాత షీటుతో సహా దున్ని, ముక్కలు గాలికి ఎగరకుండా పూర్తిగా మట్టిలో కప్పేయండి.