దక్షిణ మహాసముద్రం మోడల్: ఉప్పు లెక్క తప్పితే అంతా తప్పినట్టే

ఎంఐటీజీసీఎంలో (సముద్ర ప్రవాహాలను లెక్కగట్టే కంప్యూటర్ మోడల్) అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రాన్ని నడపాలనుకుంటే బంగాళాఖాతం సెటప్‌ని కాపీ చేసి కిందికి జరపొద్దు. గడ్డకట్టేంత చల్లటి నీటి బరువును తేల్చేది వేడి కంటే ఉప్పే.

ముందు గ్రిడ్, అంటే సముద్రాన్ని విడగొట్టే గడుల వల. పావు డిగ్రీ గడి భూమధ్యరేఖ దగ్గర 28 కిలోమీటర్లు. 70 డిగ్రీల దక్షిణాన తూర్పు పడమరలుగా 9.5కి కుంచించుకుపోతుంది. టైమ్ స్టెప్ (మోడల్ ఒక్కో లెక్కకి ముందుకు జరిగే సమయం) ఆ చిన్న గడిని బట్టే పెట్టాలి. 900 సెకన్లతో మొదలుపెట్టండి, రన్ పేలిపోతే, అంటే అంకెలు అదుపు తప్పితే, 600కి దించండి.

లోతుల ఫైల్‌కి ఐబీసీఎస్‌ఓ (దక్షిణ మహాసముద్రపు లోతుల మ్యాప్) రెండో వెర్షన్ చాలు, 500 మీటర్ల గ్రిడ్. కానీ మీ గడులకు సగటు కట్టగానే ఇరుకు దారులు పూడిపోతాయి. వెడెల్ సముద్రంలో ఫిల్చ్నర్ గట్టు చూడండి: మంచు పలకల కింద తయారైన చల్లటి నీరు సుమారు 600 మీటర్ల లోతున దాన్ని దాటి అగాధంలోకి జారుతుంది. సగటులో ఆ గట్టు పైకి లేచిందా, ఆ నీళ్లు లోపలే ఆగిపోతాయి. అక్కడ చేత్తో దిద్దడమే దారి.

మోడల్‌ని మొదలుపెట్టే ఉష్ణోగ్రతల సంగతి: వరల్డ్ ఓషన్ అట్లాస్ (సముద్ర కొలతల సగటులు) ఇచ్చేది ఆ లోతులో ఉన్న అసలు ఉష్ణోగ్రత. నీటి సాంద్రత లెక్కకి జేఎండీ95 సమీకరణం పెట్టుకుంటే మోడల్‌కి పొటెన్షియల్ ఉష్ణోగ్రత కావాలి, అంటే ఆ నీటిని ఉపరితలానికి తెస్తే, ఒత్తిడి వల్ల పెరిగిన వేడి పోయాక ఉండేది. మార్చకపోతే 4000 మీటర్ల దగ్గర 0.3 డిగ్రీల తేడా. అడుగు పొరల మధ్య ఉండే తేడాలే ఆపాటివి!

అసలు తంటా చలికాలంలో. చదరపు మీటరుకి ఒక మీటరు మందం మంచు కడితే 27 కిలోల దాకా ఉప్పు నీళ్లలోకి దిగుతుంది. అదంతా 10 మీటర్ల పై గడిలోనే పడితే లవణీయత కిలో నీటికి 2.6 గ్రాములు పెరుగుతుంది, నీరు నిట్టనిలువునా కూలుతుంది. సాల్ట్ ప్లూమ్ ప్యాకేజీ ఆన్ చేయండి, ఉప్పును మిశ్రమ పొర (పైన బాగా కలిసిపోయిన నీళ్లు) లోతుకంతా పంచుతుంది.

తర్వాత సెప్టెంబర్ మిశ్రమ పొర మ్యాప్ తీయండి. వెడెల్ నడిమధ్యలో ఏటా 1000 మీటర్లు దాటుతుంటే మీది దొంగ పోలిన్యా (సముద్రపు మంచు మధ్య తెరుచుకునే నీటి మడుగు). నిజంగా అలాంటి పెద్దది తెరుచుకున్నది 1974-76 చలికాలాల్లో. వాన, మంచుకొండల కరుగునీరు ఫోర్సింగ్‌లో (మోడల్‌కి పైనుంచి ఇచ్చే గాలి, వాన లాంటి ఫైళ్లలో) తక్కువ పడ్డాయేమో చూడండి. ఉపరితల ఉప్పును అట్లాస్ వైపు గట్టిగా లాగి సరిపెట్టొద్దు. మంచు కింద చలికాలపు కొలతలే బహు తక్కువ.

చివరగా దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న డ్రేక్ జలసంధి ప్రవాహం. కొలతలు 134 నుంచి 173 స్వెర్‌డ్రప్‌ల దాకా చెబుతున్నాయి; ఒక స్వెర్‌డ్రప్ అంటే సెకనుకి పది లక్షల ఘనపు మీటర్లు. మీది 80 వచ్చిందంటే గాలి ఫైల్‌నీ, ఆ జలసంధి లోతులనీ మళ్లీ తెరవండి.