డయల్ తిరుగుతుంది, నంబర్ కలవదు: పాత ఫోన్ రిపేరు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నదైనా, అటక మీంచి దింపిందైనా, డయల్ ఫోన్‌ని ఫైబర్ మోడెమ్‌కి తగిలించగానే ఎదురయ్యే సమస్య ఇది: డయల్ టోన్ వస్తుంది, ఎన్ని అంకెలు తిప్పినా ఆ టోన్ ఆగదు.

వెంటనే విప్పకండి. ముందు సెల్ నుంచి ఈ ఫోన్ నంబర్‌కి కాల్ చేయండి. గంట మోగి, మాట రెండు వైపులా వినిపిస్తే ఫోన్‌లో పెద్ద లోపం లేనట్టే. వేలు పెట్టి తిప్పేటప్పుడు నంబర్ వెళ్లదు. వేలు తీశాక చక్రం వెనక్కి వస్తూ లైన్‌లో కరెంటును తెంపి కలుపుతుంది: 3కి మూడు సార్లు, సున్నాకి పది సార్లు. ఇలా ఒక్కసారి తెగి కలవడమే ఒక పల్స్. చాలా మోడెమ్‌లకు ఈ లెక్క తెలియదు, బటన్ ఫోన్ టోన్లే తెలుసు. సెట్టింగ్స్‌లో పల్స్ డయలింగ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే మధ్యలో పల్స్-టు-టోన్ కన్వర్టర్ పెట్టాల్సిందే.

టోన్ ఆగినా రాంగ్ నంబర్‌కి వెళ్తోందా? అప్పుడు డయల్‌ని అనుమానించాలి. సెకనుకు పది పల్సులు పడాలి. సున్నా తిప్పి వదిలితే సెకను కాస్త దాటేసరికి చక్రం మొదటికి రావాలి. ఈడుస్తూ వస్తే గవర్నర్‌లో పాత నూనె జిగురుగా మారి ఉంటుంది. డయల్ వెనకాల గిర్రున తిరుగుతూ వేగాన్ని అదుపు చేసే చిన్న బరువులే గవర్నర్. లైన్ పీకేసి (గంట మోగేటప్పుడు లైన్‌లో 75 వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు), ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇరుసుకి సూది మొనతో ఒక్క చుక్క గడియారం నూనె పెట్టండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలం పేరుకుపోతుంది. కరెంటును తెంపి కలిపే రేకులకు (కాంటాక్టులకు) ఏ నూనే తగలకూడదు. చక్రాన్ని వేలితో వెనక్కి నెట్టే అలవాటున్నా లెక్క తప్పుతుంది.

తిప్పేటప్పుడు చెవిలో టకటకలు గట్టిగా వినిపిస్తే, ఆ కాసేపు రిసీవర్‌లో శబ్దం రాకుండా చేసే కాంటాక్టు కలవడం లేదు. దాని మధ్య తెల్ల కాగితం పెట్టి లాగితే మురికి వచ్చేస్తుంది.

అవతలివాళ్లకు మన మాట నీరసంగా వినిపిస్తే మౌత్‌పీస్‌లో కార్బన్ గుండ గడ్డకట్టి ఉండొచ్చు. అరచేతికేసి మెల్లగా తట్టండి.

గంట మోగకపోతే అదే పోర్ట్‌కి బటన్ ఫోన్ పెట్టి చూడండి. అది మోగితే, పాత గంటకు ఆ మోడెమ్ బలం చాలడం లేదేమో, లేదా సుత్తి గిన్నెలకు తగలడం లేదేమో. గిన్నె స్క్రూ వదులు చేసి గిన్నెను కొంచెం అటో ఇటో తిప్పితే సందు తగ్గుతుంది.