రెండు కాళ్ల రోబోను పనిలోకి దించే ముందు

మనిషి ఆకారంలో ఉన్న రోబో వస్తోందంటే చాలామందికి ఒకటే టెన్షన్, అదెక్కడ తిరగబడుతుందోనని. నన్నడిగితే, అది పడుతుందేమోనని భయపడండి. కదలకుండా నిలుచున్నట్టు కనిపించినా, లోపల మోటార్లు క్షణక్షణం దాని తూకం సర్దుతూనే ఉంటాయి. హోండా కంపెనీ చేసిన పేరుమోసిన రోబో అసిమో అంతటిదే 2006లో టోక్యోలో జనం ముందు మెట్లెక్కుతూ కూలబడింది.

ముందు రోబోను ఆపే ఎర్ర బటన్ (ఎమర్జెన్సీ స్టాప్) సంగతి తేల్చుకోండి. నేలకు బిగించిన ఫ్యాక్టరీ రోబో చెయ్యి ఎమర్జెన్సీ స్టాప్ నొక్కగానే ఉన్నచోటే ఆగుతుంది. రెండు కాళ్లదానికి పవర్ కట్ అయితే మోకాళ్లు మడతపడి కుప్పకూలుతుంది. మెల్లగా కూర్చోబెట్టే కమాండ్ వేరే ఉందేమో మాన్యువల్‌లో చూడండి. రోబోను స్టాండుకు తాళ్లతో కట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాకే పని మొదలుపెట్టండి. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు వేరే పని చెప్పొద్దు.

చిన్నదేలే అనుకోవద్దు. చైనా కంపెనీ యూనిట్రీ అమ్మే జీ1 రోబో ఎత్తు 1.3 మీటర్లే అయినా బరువు 35 కిలోల దాకా ఉంటుంది. అది తూలితే చెయ్యి చాచి ఆపబోతాం, పిల్లాడు పడబోతే పట్టుకున్నట్టు. అక్కడే దెబ్బ తగిలేది. మోచెయ్యి, మోకాలు మడిచే చోట వేలు ఇరుక్కుంటే మోటారు బలానికి వేలే నలుగుతుంది. పడనివ్వండి, వస్తువే కదా! దాని ఎత్తు కంటే రెండడుగులు ఎక్కువ దూరంలో ఉండటం నా లెక్క. పిల్లలైతే గదిలోనే వద్దు.

గోదాముల్లో డబ్బాలు మోసే డిజిట్ అనే రెండు కాళ్ల రోబో సుమారు 16 కిలోలు ఎత్తుతుంది. దాన్ని పనిలో పెట్టినవాళ్లే మనుషులు తిరగని జాగా వేరుచేసి నడిపించారు. మరి ఇంటి హాల్లో మనకెందుకు తొందర?

తడి నేల, తివాచీ అంచు, అడ్డంగా పడున్న వైర్లు ముందే చూసుకోండి.

కొన్ని రోబోలు తమకు రాని పనిని ఎక్కడో కూర్చున్న మనిషి చేత చేయించుకుంటాయి. అంటే ఆ కెమెరాలోంచి మీ ఇంటిని ఒకరు చూస్తున్నట్టే. అది ఎప్పుడు ఆన్ అవుతుందో, ఎలా ఆపాలో కొనే ముందే అడగండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చేయండి.

గట్టిగా పడ్డాక వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు. లిథియం బ్యాటరీ లోపల దెబ్బతింటే పైకి కనిపించకపోవచ్చు, తర్వాతెప్పుడో అంటుకోవచ్చు. ఉబ్బినా, వాసన వచ్చినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా దాన్ని వాడకండి, సర్వీసువాళ్లను పిలవండి.