దవడ నొప్పి ముద్దుకు అడ్డం వస్తుంటే

ముద్దు దగ్గరికొచ్చేసరికి దవడ కలుక్కుమంటుంది, మొహం పక్కకు తిప్పుకుంటారు. అవతలి మనిషికి ఆ నొప్పి కనిపించదు, తిప్పుకున్న మొహమే కనిపిస్తుంది. ఆలుమగల మధ్య దూరం పెరగడానికి అంతే చాలు. పంటి డాక్టర్ దగ్గర కూడా ఈ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోతే

నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో పక్కన పడుకున్నవాళ్లను అడగండి, ఆ కటకట వాళ్లకే తెలుస్తుంది. కణతలు కూడా లాగుతుంటే అనుమానం బలపడినట్టే. డెంటిస్టు కొలత తీసి చేసే నైట్ గార్డ్, అంటే పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు, పళ్లు అరగకుండా కాపాడుతుంది. పొద్దుపోయాక టీ, మద్యం, సిగరెట్ తగ్గించండి.

సాయంత్రానికి నొప్పి ఎక్కువైతే

ఇప్పుడు ఇది చదువుతూ మీ పై పళ్లు, కింది పళ్లు ఆనుకుని ఉన్నాయేమో చూసుకోండి. ఆనుకోకూడదు. పెదవులు మూసి, పళ్లు విడిగా, నాలుక అంగిటికి తేలిగ్గా తగిలేలా ఉంచాలి. పనుల టెన్షన్‌లో పగలంతా పళ్లు బిగబడితే, రాత్రికి దవడ కండరాలు అలిసిపోతాయి. సకినాలు, కాల్చిన మక్క కంకులు, మటన్ బొక్కలు ఒకే పక్కన నమిలినా అంతే.

కొన్నాళ్లు మెత్తటి తిండి తినండి. రొట్టె లేకపోతే గడవదంటే పాలలోనో పప్పులోనో నానబెట్టుకోండి. దగ్గరయ్యే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన బట్టను చెవి ముందు నుంచి దవడ మూల దాకా 10-15 నిమిషాలు పెట్టండి. కండరం వదులైనట్టు వేలికే తెలుస్తుంది.

నోరు పెద్దగా తెరిస్తేనే నొప్పి వస్తే

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదిలేదే దవడ కీలు. నొప్పి లేకుండా టక్కుమంటే మామూలుగా వైద్యం అక్కర్లేదు. నొప్పి ఉంటే మాత్రం ఆ కీలుకు విశ్రాంతి కావాలి. నొప్పి తగ్గేదాకా నోటితో చేసే శృంగారం మానేయండి. ముద్దులు పెదవులతోనే, కాసేపే. చెంప దిండుకు నొక్కుకుపోయేలా బోర్లా పడుకోవద్దు. భుజం మీద రెండుసార్లు తడితే ఆగాలని ముందే అనుకోండి.

అన్నిటికన్నా ముందు, పగటిపూట తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పండి: "నువ్వంటే ఇష్టం లేక కాదు, దౌడ గుంజుతాంది." నా లెక్కలో సగం వైద్యం ఇదే. విన్నవాళ్లు కూడా అలిగి అటు తిరిగి పడుకోకుండా, ఆ వేడి బట్ట తామే పిండి ఇస్తే ఎంత బాగుంటుంది!

తెరిచిన నోరు మూసుకోకపోతే ఇంట్లో ఎవరూ నెట్టొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే

దానికి తోడు కారం తింటే మంట, గుట్కా గానీ వక్క గానీ నమిలే అలవాటు ఉంటే, లోపలి చర్మం గట్టిపడుతోందేమో. కాపడంతో పోయేది కాదు, క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. అలవాటు ఈరోజే ఆపి డాక్టర్‌కు చూపించండి.

శృంగారంలో ఆయాసపడినప్పుడే దవడ లాగితే

మెట్లెక్కినా అలాగే లాగి, ఆగితే తగ్గుతుంటే అది గుండె నొప్పి కావచ్చు, ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి. ఛాతీ బరువు, చెమటలు, చెయ్యి గుంజడం తోడైతే తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి, వరంగల్‌లో ఉంటే ఎంజీఎం ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.