సపోర్ట్‌లో ‘సబ్’ ఎక్కడికి పోయింది?

విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ముందు నిలబడి మా మేనకోడలికి ‘సబ్‌మెరీన్’ విడదీసి చెప్పాను. లాటిన్‌లో ‘సుబ్’ అంటే కింద, ‘మరె’ అంటే సముద్రం. ఇంటికెళ్ళగానే ‘సపోర్ట్’ పట్టుకుని కూర్చుంది. ‘‘మామయ్యా, ఇది తెగట్లేదు’’ అంది. ఇంగ్లిష్ మాటల పుట్టుక వెతికేవాళ్ళు ముందుగా ఆగిపోయేది ఇక్కడే.

సమస్య: మాట ముక్కలవదు.

కారణం: సంధి. మనం బడిలో చదివిన సంధే. జగత్, నాథుడు కలిసి జగన్నాథుడు అయినట్టు, ‘సుబ్’ పక్కన మోయడం అనే అర్థమున్న ‘పొర్తారె’ చేరగానే బకారం పకారమైంది. కింద నుంచి మోస్తే సపోర్ట్.

పరిష్కారం: స్పెల్లింగ్ మొదట్లో ఒకే హల్లు జంటగా కనిపిస్తే సంధిని అనుమానించండి. ఇల్లీగల్‌లో ఉన్నది ‘కాదు’ అని చెప్పే ‘ఇన్’. కలెక్టర్‌లో ‘కలిపి’ అనే ‘కొమ్’, ‘ఏరడం’ అనే ‘లెగెరె’ ఉన్నాయి. పోగుచేసేవాడన్నమాట. అయితే యాపిల్‌లోనూ రెండు పీలున్నాయి, అది లాటిన్ మాటే కాదు. విడదీశాక డిక్షనరీ చూడక తప్పదు.

సమస్య: లేని మూలం కనిపిస్తుంది. ‘ఐలండ్’లో పలకని ఎస్ చూసి, లాటిన్‌లో ద్వీపమనే ‘ఇన్సుల’ నుంచి వచ్చిందంటారు. నిజానికి ఐలండ్ పాత ఇంగ్లిష్ మాట. ఇన్సుల నుంచి పుట్టిన ‘ఐల్’ను చూసి తర్వాతివాళ్ళు ఎస్ చేర్చారు. పాత స్పెల్లింగ్ చూస్తే తేలిపోతుంది.

సమస్య: రెండు మూలాలు ఒకేలా ఉంటాయి. 1933లో తెరిచిన మన పోర్టు నుంచి ఓడలెక్కే సరుకు చూసి, ‘ఎక్స్‌పోర్ట్’లో ఉన్నది ఆ రేవే అనుకుంటాం.

కారణం: రేవు ‘పొర్తుస్’, మోత ‘పొర్తారె’. లాటిన్ కంటే వెనక్కి వెళితే దూరపు చుట్టాలే కానీ, లాటిన్‌లో వేర్వేరు.

పరిష్కారం: అర్థంలో రేవు తీసేసి చూడండి. విమానంలో పంపినా ఎక్స్‌పోర్టే కదా, కాబట్టి మోత. రేవు నిజంగా దాగిన మాట ‘ఆపర్చునిటీ’. ‘ఒబ్’ అంటే వైపు. పొర్తుస్‌తో కలిసి అదే సంధితో ‘ఒప్’ అయింది. రేవు వైపు వీచే గాలి, ఓడవాళ్ళకు కలిసొచ్చిన సమయం. దీన్ని మొన్న ఫిషింగ్ హార్బర్ గట్టున మా మేనకోడలే విడదీసింది.